కిరాయిదారు

"గోడకు మొలలు కొట్టకండి వైనీ, సిమెంటు రాలిపోతుంది" అని మరాఠీలో అన్నాడు అమోల్. వైనీ అంటే వదిన.

దోమతెర కట్టడానికి మొల కొడుతున్న నేను సుత్తి కింద పెట్టాను. పద్నాలుగేళ్ల క్రితం ఈ గోడ లేస్తున్నప్పుడు, కడుపులో కోమల్‌ను మోస్తూ, పొద్దునా సాయంత్రం బిందెలతో తడిపింది నేనే. ఇప్పుడు దీనికి మొల కొట్టాలంటే అమోల్‌ను అడగాలి. మా ఆయన సిద్ధరాములు మాత్రం అతనికి కుర్చీ తుడిచి వేసి, "శాంతా, చాయ్ పెట్టు" అన్నాడు.

ఈ మరాఠీ ఊళ్లో మన తెలుగువాళ్లుండే నీలం నగర్‌లోని ఈ ఇల్లు నా పేరు మీదే ఉండేది. ఆడమనిషి పేరున రిజిస్ట్రీ చేస్తే ఖర్చు తగ్గుతుందని ఎవరో చెబితే అలా రాయించారు, అంతే. ఆ తర్వాత ఇది నా ఇల్లని ఒక్కరూ అనలేదు. అత్త పోచమ్మ వచ్చినవాళ్లందరికీ "నా కొడుకు కట్టిచ్చిండు" అని చెప్పేది. మరమగ్గాలు కొనడానికి ఇంటి మీద అప్పు తీసుకున్న రోజు మాత్రం మా ఆయనకు నేను గుర్తొచ్చాను. జొన్నపిండి కలుపుతుంటే కాగితాలు తెచ్చి, "చేయి తుడ్సుకోని దస్కత్ పెట్టు, జల్ది" అన్నాడు. చదువుతానంటే, "నువ్వేమన్న వకీలువా?" అంది అత్త. ఏడాది తిరగకుండానే మగ్గాలు ఆగిపోయాయి. అప్పిచ్చినవాళ్లు ఇల్లు వేలం పెట్టారు. పాడుకున్న అమోల్, నేను వెళ్లి బతిమాలితే, పదకొండు నెలల కాగితం రాసి మాకే కిరాయికిచ్చాడు.

"గల్లీల ఎవ్వరికి చెప్పకు, ఇజ్జత్ పోతది. ఇల్లు మనదే అనుకో" అన్నాడు మా ఆయన. అనుకోవడం ఆయన వంతు. బీడీలు చుట్టి కిరాయి కూడబెట్టడం, నెలనెలా హోట్గి రోడ్‌లో అమోల్ దుకాణానికి వెళ్లి ఇచ్చి రావడం నా వంతు. అక్కడికి పోవాలంటే ఆయనకు సిగ్గట. ఆయన సిగ్గు కూడా నేనే మోయాలి. నడుము నొప్పి అంటే, "ఇంట్ల కూసోని చేసే పనికి నొప్పేంది?" అనేవాడు. పక్కింటి అశ్విని తన కిరాయి కష్టాలు చెప్పుకున్నప్పుడల్లా, "నీకేందక్కా, సొంతిల్లు" అనేది. నేను తునికాకు కత్తిరిస్తూ తలూపేదాన్ని. అలా తలూపినప్పుడల్లా నా మీద నాకే చిరాకు పుట్టేది.

చాయ్ తెచ్చేసరికి అమోల్ కొత్త కాగితం తెరిచాడు. మళ్లీ పదకొండు నెలలు. కిరాయిదారు పేరు దగ్గర 'సిద్ధరాములు' అని ఉంది. పోయినసారి కూడా అదే ఉండి ఉంటుంది, నాకెవరూ చూపలేదు. అంతలో బీడీల దారం అడగడానికి అశ్విని లోపలికొచ్చింది.

"ఎవలక్కా, సుట్టాలా?"

"నా దోస్తు" అన్నాడు మా ఆయన, కాగితం మీద అరచెయ్యి పెట్టి.

"కాదు. ఇంటి మాలక్" అన్నాను. "మా ఇల్లు వేలంల పోయింది అశ్వినీ. పదకొండు నెలల సంది మేం గూడ నీ లెక్కనే కిరాయికుంటున్నం."

అత్త నెత్తి కొట్టుకుంది. "వాని ఇజ్జత్ తీస్తివి గదనే!"

భయపడతాననుకున్నాను. ఒళ్లంతా అలసట మాత్రమే తెలిసింది. అమోల్ వైపు తిరిగి మరాఠీలో చెప్పాను: "కిరాయి కట్టేది నేను. నా పేరు మీద రాయండి. చదివాకే సంతకం పెడతాను. కుదరదంటే కోమల్‌ను తీసుకుని జోడ్‌భావి పేట్‌లో గది చూసుకుంటాను."

కిరాయి ఒక్క నెలా తప్పకుండా తెచ్చింది ఎవరో అమోల్‌కు తెలుసు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మీ పూర్తి పేరు చెప్పండి వైనీ, రేపు కొత్తది తెస్తాను" అన్నాడు.

అతను వెళ్లగానే మా ఆయన లేచాడు. "మరి నేనేడ ఉండాలె?"

"ఈడనే ఉండు. సగం కిరాయి నువ్వియ్యి. ఎవలన్న అడిగితే, శాంత ఇంట్ల ఉంటున్ననని చెప్పు."