పరగడుపున రావాలి

మా ఆయనకి రక్తపరీక్ష ఉన్న రోజు నేను గంట ముందే లేస్తాను. పాత రిపోర్టులు, మందుల చీటీ, రక్తం ఇవ్వగానే తినడానికి టిఫిను, అన్నీ సంచిలో సర్దిపెడతాను. ఆయన చెయ్యి ఒక్కటీ తెచ్చుకుంటే చాలు. నాకూ అదే కొలెస్ట్రాల్, అవే మాత్రలు. నా పరీక్షకి మూడుసార్లు తేదీ ఇచ్చారు, మూడుసార్లూ తప్పింది. పరగడుపున వెళ్లాలి కదా. పిల్లల డబ్బాల్లోకి కూర దింపుతూ అలవాటు కొద్దీ ఉప్పు చూసేస్తాను. మింగాక గుర్తొస్తుంది. మొదటిసారి ఆ మాట చెబితే అత్తగారు నవ్వారు. "రుచి చూడకుండా వండితే మేమెలా తినాలమ్మా? ఇంకో రోజు వెళ్దువుగానిలే."

తమాషా ఏమిటంటే, నా ఉద్యోగమే ఇది. కొలెస్ట్రాల్‌కి మందులు వాడుతూ మళ్లీ పరీక్షకి రానివాళ్లకి క్లినిక్ నుంచి ఫోన్లు చేసి బతిమాలడం. మగవాళ్ల కాగితాల మీద భార్య నంబరు ఉంటుంది, తేదీ గుర్తుపెట్టుకునేది ఆవిడే గనక. ఆడవాళ్ల కాగితాల మీద కూడా భర్త నంబరే. ఎందుకంటే కాగితం నింపింది ఆయన. "చెబుతాలెండి" అంటారు. ఆవిడ రాదు.

జాబితాలో నా పేరు వచ్చిన ప్రతి నెలా ఎదురుగా "ఎత్తలేదు" అని రాసి దాటేసేదాన్ని. ఇవాళ డాక్టరమ్మకి ఒళ్లు మండింది. "ఇంతమంది ఎత్తకపోవడమేంటి? అందరికీ మళ్లీ చెయ్యి" అంది. పంతొమ్మిదో వరసలో నేను. అలసటో, కోపమో, క్లినిక్ ఫోన్ నుంచి ఆయన నంబరు నొక్కాను.

"క్లినిక్ నుంచండీ. మీ ఆవిడగారు పరీక్షకి రాక ఏడు నెలలైంది."

"ఆవిడకేమండీ, గుండ్రాయిలా ఉంది. అయినా ఈ తేదీలవీ నాకు తెలియవు, అన్నీ ఆవిడే చూసుకుంటుంది. ఆవిడకే చెయ్యండి."

"నంబరు చెబుతారా?"

"నోటికి రాదండీ, ఫోన్లో వెతకాలి. పనిలో ఉన్నాను." పెట్టేశారు.

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నన్ను "అండీ" అనడం ఇదే మొదలు. నా గొంతు పోల్చుకోలేదు, ఏ క్లినిక్ అనైనా అడగలేదు. ఏడుపు రాలేదు గానీ, మోసిన బరువంతా ఒక్కసారిగా మెడ మీద తెలిసింది. రేపు పొద్దున వంట చెయ్యనంటే ఇంట్లో రభస అవుతుంది. అవనీ.

నా కాగితం మీద ఆయన నంబరు కొట్టేసి నాది రాశాను. జాబితాలో పంతొమ్మిదో వరస ఎదురుగా "ఎత్తలేదు" కూడా కొట్టేసి రాశాను: "పేషెంటే మాట్లాడింది. రేపు వస్తానంది."