మూరెడు సాగిన గొలుసు

గోదావరి తాడిచెట్ల మొవ్వులందుకున్న ఏటి సంగతి ఇది. పంచాంగంలో ఆ ఏటికి విజయ అని పేరుందట. లంకల్లో దాన్ని అలా పిలిచినవాణ్ణి నేను చూడలేదు. పెద్ద వరదేడు అంటారు. ఆ వరద తీసిన నెలన్నరకే తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం వచ్చింది. కచేరీల్లో వాళ్ళు మాత్రం దాన్ని రాష్ట్రం వచ్చిన ఏడు అంటారు. ఎవరికి ఏది మీదికొస్తే దాని పేరు.

నేను ఒక కొలత గొలుసును. నూరు ఇనప పుల్లలు నా ఒళ్ళు. ఒక్కో పుల్లను లింకు అంటారు. లింకుకూ లింకుకూ మధ్య ఉంగరాలు, పది లింకులకొక ఇత్తడి బిళ్ళ, రెండు కొసలా పట్టుకోవడానికి ఇత్తడి పిడులు. చాపితే అరవై ఆరు అడుగులు. అరవై ఆరే ఎందుకని నన్నడక్కండి. ఇంగ్లండు సీమలో ఎవరో దొరకు ఆ లెక్క నచ్చిందట. ఆయనకు నచ్చిన పాపానికి ఇక్కడి మెరకా, పల్లం, ఇసక తిప్పా అన్నీ అరవై ఆరు అడుగుల ముక్కలయ్యాయి.

చెన్నపట్నంలో ఒక కమ్మరి కొలిమిలో పుట్టాను. నన్ను కొట్టిన కమ్మరికి సెంటు భూమి లేదు. తరువాత చూస్తే, నన్ను భుజాన మోసినవాళ్ళలో ఎవరికీ లేదు.

నాకు కుదురు తక్కువ. సంచిలో పెట్టినా గలగలమంటూనే ఉంటాను. పొలంలో దిగానంటే ఇక రైతుకు కుదురుండదు. అప్పటిదాకా “మా తాత దున్నాడండీ” అంటే సరిపోయేది. నేను వచ్చాక సరిపోలేదు. కొలిస్తే నంబరు, నంబరుంటే శిస్తు, శిస్తు కడితే పట్టా. పట్టా లేనివాడు ఆ నేలమీదే పుట్టి ఆ నేలమీదే చచ్చినా వాడు ఆ ఊరివాడు కాడు. ఈ మాట ఏ దొరా ఎక్కడా చాటింపు వేయించలేదు. నన్ను ఈడ్చుకుంటూ నడిచాడు, అంతే.

దేశం కోసం సభలు జరిగే రోజుల్లో ఒకాయన నన్ను చూపించి ఉపన్యాసం చెప్పాడు. అచ్యుతరామయ్య గారని, లంకల్లో పెద్ద రైతు. అప్పటికి పడుచువాడు, కొత్తగా ఖద్దరు కట్టాడు. రేవు దగ్గర నన్ను ఎండలో పరిచి ఉంచారు, ఆయన బల్ల మీదికెక్కాడు. “దున్నేది మనం, కొలిచేది వాడు! అదిగో, అది పొలానికి వేసిన గొలుసు కాదు, మన మెడలకు వేసిన గొలుసు!” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గేసింది. ఆయన ఊరికే అనలేదు కూడా. దేశం కోసం ఆరు నెలలు జైల్లో ఉండి, దగ్గు పట్టుకుని వచ్చాడు.

స్వరాజ్యం వచ్చిన పొద్దున కచేరీ మీద జెండా ఎగరేసింది ఆయనే. ఆ సందట్లో ఎవరో నాకూ ఒక బంతిపూల దండ వేశారు. మర్నాడు దండ తీసేసి మళ్ళీ పొలానికి పట్టుకెళ్ళారు. జెండా మారిందిగాని నా లింకు ఒక్కటీ మారలేదు.

ఇక నూకయ్య. సర్వేవాళ్ళకు గొలుసు లాగే మనిషి. ఇరవై రెండేళ్ళు నన్ను మోశాడు. మూడో తరగతితో బడి ఆగిపోయింది. మాట పొదుపు. ఎవరైనా పలకరిస్తే తలపాగా సవరించుకుంటాడు, అదే జవాబు. ఇంట్లో తినేవాళ్ళు ఆరుగురు, తెచ్చేవాడు తనొక్కడు.

వరద వచ్చిన పొద్దున అతను దిగువ లంకలో ఉన్నాడు. సర్వే సామాను తీసుకురమ్మని పంపారు. సామాను తేవడానికి వెళ్ళిన పడవలోకి లంకజనం ఎక్కారు. పదకొండుగురు, రెండు మేకలు. ఒడ్డు లేదు. ఎక్కడ చూసినా ఎర్రనీళ్ళు. మునిగిన తాడితోపులో ఒక చెట్టుకు పడవ కట్టారు. కాసేపటికి తాడు పుటుక్కున తెగింది. నూకయ్య సంచిలోంచి నన్ను లాగి ఒక పిడి చెట్టు చుట్టూ తిప్పి బిగించాడు, రెండో పిడి పడవ ముక్కుకు వేశాడు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా గోదావరి అటు లాగింది, తాడిచెట్టు ఇటు లాగింది. నా ఉంగరాలు ఒక్కొక్కటే నోళ్ళు తెరిచాయి. తెగలేదు. పెద్ద పడవ వచ్చి అందరినీ ఎక్కించుకున్నాక చూస్తే నేను మూరెడు సాగాను.

ఆ సంగతి నాకు తెలుసు, లాగే చేతికి తెలుసు. అంటే నూకయ్యకు తెలుసు.

వరద తీసింది. లంకల్లో శవాలు తీశారు, ఇసక మేటలు తీశారు. కచేరీవాళ్ళు నూకయ్యను సంజాయిషీ అడిగారు. సర్కారు కొలత గొలుసును పడవ కట్టడానికి వాడినందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో రాసి ఇమ్మన్నారు. నూకయ్య ఒక పూటంతా కూర్చుని రాశాడు. “పడవ పోతోంది. తాడు లేదు. గొలుసు ఉంది. కట్టాను.”

సర్వేయరు శేషగిరి గారు మంచివాడు. పాతికేళ్ళవాడు, కొత్త రాష్ట్రం వాటాకు వచ్చిన ఉద్యోగి. ఆ కాగితం చదివి నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు. కింద తన దస్తూరీతో “గొలుసును పరిశీలించితిని, నష్టమేమియు లేదు” అని రాసి సంతకం పెట్టాడు. నన్ను సంచిలోంచి తియ్యనన్నా లేదు.

“బతికిపోయావు, పో” అన్నాడు.

నూకయ్య తలపాగా సవరించుకున్నాడు.

అలా నేను కాగితం మీద అరవై ఆరు అడుగులూ, ఒంటి మీద అరవై ఏడున్నరా అయ్యాను. కొత్త గొలుసులు లేకపోలేదు. మద్రాసులో పెట్టెల్లో ఉన్నాయి. విడిపోయిన రెండు రాష్ట్రాలవాళ్ళూ కుర్చీలూ బల్లలూ గడియారాలూ పంచుకుంటున్నారట. గొలుసుల దగ్గరికి ఇంకా రాలేదట.

ఇంతలో మాఘమాసంలో ఉత్తరువు వచ్చింది. వరద తరువాత లంకలన్నీ మళ్ళీ కొలవాలి. పట్టాదారుకు పట్టాలో ఎంతుందో అంత వదలాలి. ఏరు మేట వేసి అంతకన్నా పెరిగిన నేల ఉంటే అది సర్కారుది. దాన్ని వరదలో నేల కోసుకుపోయినవాళ్ళకు పంచాలి. ఎగువ లంకలో అచ్యుతరామయ్య గారికి డెబ్భై ఎకరాల పట్టా. దిగువ లంక సగం ఏట్లో కలిసింది. అక్కడి అయిదు ఇళ్ళవాళ్ళు కరకట్ట మీద తాటాకు పాకల్లో ఉన్నారు. నేను పడవ కట్టి నిలబెట్టింది వాళ్ళనే.

కొలత రోజున వాళ్ళంతా ఎగువ లంకకు వచ్చారు. ముందు సువార్తమ్మ. యాభై ఏళ్ళ మనిషి, మొగుడు పోయినప్పటినుంచి లంకలో మిరప వేసి పిల్లల్ని సాకింది. ఆ మిరప మళ్ళ చోట ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి. ఆమె వచ్చీ రాగానే వంగి నా పిడిని కళ్ళకద్దుకుంది.

“ఈ తల్లే మమ్మల్ని నిలబెట్టింది. ఇయ్యాల కూడా నిలబెడతాది.”

“తల్లి కాదే, సర్కారు సొత్తు. ఎక్కువ ముట్టుకోకు, సంజాయిషీ అడుగుతారు” అన్నాడు వెనకనించి ఎవరో. అందరూ నవ్వారు. నూకయ్య నవ్వలేదు.

కొలిచాం. రోజంతా ఇసకలో ఈడ్చారు నన్ను. కుంచం పెద్దదైతే అదే రాశి తక్కువ కుంచాలు వస్తుంది. ఇచ్చే కుంచం ఒకటీ, పుచ్చుకునే కుంచం ఒకటీ చూసిన ఊళ్ళు ఇవి, ఎవరికీ వివరం చెప్పక్కర్లేదు. కాని ఇనప గొలుసు కూడా అలా పెరుగుతుందని ఎవరనుకుంటారు? నేను ఒక్కో చాపుకూ మూరెడు నేల మింగుతూ పోయాను. ఎవరి నేల మింగుతున్నానో నాకు తెలుసు. ఉంగరం ఉంగరం కీచుమంటే ఇసక పట్టిందనుకున్నారు.

సాయంత్రం శేషగిరి గారు లెక్క తేల్చాడు. “డెబ్భై ఎకరాలకు నాలుగు సెంట్లు తక్కువ.”

అచ్యుతరామయ్య గారు మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, దగ్గు అలాగే ఉంది. “పోనిద్దురూ, నాలుగు సెంట్లు గోదారమ్మకు వదిలేశాను” అన్నాడు. “మా తాతగారు కొలిపించినప్పుడూ డెబ్భయ్యే. కొలతంటే అలా ఉండాలి.”

సువార్తమ్మ ముందుకొచ్చింది. “అదేటి బాబూ! ఏరు ఇసకేసి లంక అంతమేర పెరిగిపోతే, మీ గొలుసుకి తగ్గిపోద్దేటి? నేను అడుగులేసి చూసుకున్నానండీ. మూడెకరాలకి పైమాటే.”

“నీ అడుగులకు సర్కారు ముద్ర లేదు గదమ్మా.” ఆయన కోపంగా అనలేదు, నెమ్మదిగానే అన్నాడు. “అందరం దేశం కోసం చేసినవాళ్ళమే. లెక్క ప్రకారం ఉంటే నేనే ఇప్పించేవాణ్ణి.”

ఆయన అబద్ధమాడలేదు. ఆయనకు నా సంగతి తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

సువార్తమ్మ నూకయ్య వైపు తిరిగింది. “నూకన్నా, లాగింది నువ్వే గదా. నువ్వు సెప్పు. మాటాడవేటి? నోట్లో పొగాకు కుక్కుకున్నావా?”

నూకయ్య నన్ను చుట్ట చుడుతున్నాడు. రెండు లింకులు మెలిపడ్డాయి. ఇరవై రెండేళ్ళలో నన్ను మెలిపెట్టడం అదే మొదలు.

“పోనీలే” అంది సువార్తమ్మ. “పడవలో ఉన్నప్పుడు మాటాడేడు ఈయన. గట్టిగా పట్టుకోండి, గట్టిగా పట్టుకోండి అని అరిసేడు. ఒడ్డెక్కాక మూగోడైపోయేడు.”

రేవుకు వెళుతూ శేషగిరి గారు గొంతు తగ్గించాడు. “నూకయ్యా, రేపు పొద్దున్న సంతకాలు. ఆమె మాట పట్టించుకోకు.”

నూకయ్య నాలుగడుగులు నడిచి అన్నాడు. “గొలుసు సాగింది బాబూ.”

“నాకు వినపడలేదు.”

“మూరెడు సాగింది.”

శేషగిరి గారు ఆగాడు. “సాగలేదని నేను రాశాను. నీకోసమే రాశాను. ఇప్పుడు సాగిందంటే నీ ఉద్యోగం ఉండదు, నాదీ ఏమవుతుందో తెలియదు. నీ ఇంట్లో ఆరుగురు. వాళ్ళవి అయిదు ఇళ్ళు, సర్కారు వేరే ఎక్కడో చూపిస్తుంది. కొత్త రాష్ట్రం గదా, ఏదో ఒకటి చేస్తారు.”

నూకయ్య నన్ను భుజం మార్చుకున్నాడు. అతని భుజం ఎముక నాకు గుచ్చుకుంది.

తరువాత నా కథ పెద్దగా లేదు. మూడేళ్ళకు మళ్ళీ రాష్ట్రం మారింది, కచేరీ బోర్డు మళ్ళీ రాశారు. తరువాత మీటర్ల గొలుసులు వచ్చాయి. లింకులతో పని లేదని నన్ను పాత దస్త్రాల గదిలో పడేశారు. నా మీద చెదలు పట్టిన సరిహద్దు పటాలు పడేశారు. గీసినవాళ్ళు ఎంత నమ్మకంగా గీశారో! ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే ఏ గీతా ఇంకో గీత మీద పడదు. తుక్కువాడు వస్తాడని రెండు వేసవుల నుంచి వింటున్నాను. వస్తే వస్తాడు. దేశం గురించి నేను విన్న ఉపన్యాసాలు చాలా ఉన్నాయి, ఒక్కటీ మనసులో లేదు. ఒక్క పొద్దుటి సంగతే ఉంది. అది చెప్పి ఊరుకుంటాను.

కొలత మర్నాడు పొద్దున్న సంతకాలకు జనం రేవు దాటేసరికి నూకయ్య ఎగువ లంకలో ఉన్నాడు. ఒక్కడే. సర్వే సామానులో పది లింకుల టేకు కొలకర్ర ఒకటి ఉంటుంది, పక్క కొలతలకు. కర్ర సాగదు. ఆ కర్రను తడి ఇసక మీద పెట్టి, కొసన పుల్ల గుచ్చి, మళ్ళీ పెట్టాడు. అలా పది సార్లు, నూరు లింకులు. పదో పుల్ల దగ్గర అడ్డంగా గీత గీశాడు. ఆ పక్కనే నన్ను చాపాడు. నా పిడి గీత దాటి మూరెడు అవతల పడింది.

అతను పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆగిపోయారు. చెప్పాల్సిన పని లేకపోయింది, అయినా చెప్పాడు.

“పడవకి కట్టినప్పుడు సాగింది. నేనే కట్టేను. సాగిందని తెలిసే నిన్న లాగేను. బాబుగారికి నేను సెప్పలేదు. ఆయన రాసిన కాయితంలో తప్పు నాదే.”

అచ్యుతరామయ్య గారు గీత దాకా నడిచి వచ్చాడు. చేతికర్ర కొసతో నా పిడిని కదిపి చూశాడు. దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు. తరువాత ఎవరివైపూ చూడకుండా కుర్చీ తెప్పించుకున్నాడు గాని, కూర్చోలేదు.

“నూకయ్యా, ఎందుకు చేశావయ్యా ఈ పని!” అన్నాడు శేషగిరి గారు.

“పదకొండుగురు బాబూ” అన్నాడు నూకయ్య. “తేల్చి మళ్ళీ ముంచితే ఎలాగండీ?”

సువార్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

శేషగిరి గారు నా పక్కన నిలబడి, ఇసకలో గుచ్చిన పుల్లలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. పది. సంచిలోంచి పుస్తకం తీశాడు. నిన్నటి పేజీ మీద అడ్డంగా ఒక గీత కొట్టి, కొత్త పేజీ తిప్పి, తేదీ వేశాడు.

నూకయ్య లేచాడు. నడుముకున్న సర్కారు బిళ్ళ పట్టీ విప్పి, మడిచి, సర్వే పెట్టె మీద పెట్టాడు. గీత దాటిన నా మూరెడునూ మడిచి కొబ్బరి తాడుతో బిగించి కట్టాడు. ముందు పిడి పట్టుకున్నాడు.

“రెండో కొస ఎవరైనా పట్టండి” అన్నాడు.

సువార్తమ్మ వచ్చి పట్టుకుంది. అతను నన్ను లాగుతూ తూర్పు గట్టు వైపు నడిచాడు.