పెత్రమాసకు పోసిన నిమ్మలం

నిషా తక్కువున్న బీరుకు రేటు మాత్రం ఎందుకు తక్కువ లేదని అడిగేటోళ్లకు జవాబు చెప్పి చెప్పి మధు నోరు నొచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాకు జర అవతల, ఫర్నిచర్ దుకాణం మీది అంతస్తుల, మధుకు ఉపేంద్రకు కలిపి ఒక చిన్న బ్రూవరీ ఉంది. అద్దం అవతల స్టీలు ట్యాంకులు, ఇవతల బల్లలు. అక్కడ్నే కాసి, అక్కడ్నే పులవెట్టి, అక్కడ్నే గిలాసల పోసిస్తరు. అన్ని రకాల్లకెల్ల మధు పాణం వెట్టి చేసింది ఒక్కటే. తాగినా మనిషి నిమ్మలంగ ఉంటడని దానికి నిమ్మలం అని పేరు వెట్టిండు. మామూలు బీరుల సగం సుత ఉండదు దాంట్ల నిషా.

"మధూ, నా మాట విను. మత్తు సగమే ఉన్నప్పుడు రేటు కూడా సగమే ఉండాలి కదా! జనం నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారు," అన్నడు ఉపేంద్ర. వాళ్లది తెనాలి దిక్కు. పెరిగిందంత కొత్తపేటల్నే గని ఇంటి మాట మాత్రం పోలే.

"మత్తు సగమైతే ఖర్చు సగమైతదార? ట్యాంకు గదే, కరెంటు గదే, ఆగే దినాలు గవే. స్ట్రాంగుల ఏదన్న తప్పైతే నిషా కింద దాసిపెట్టొచ్చు. దీంట్ల దాసుడు లేదు. నీళ్ల లెక్క ఉండొద్దు, నోటికి బీరు లెక్కనే తగలాలె. గది చేసుడే కష్టం."

"ఆ కష్టం గ్లాసులో కనపడదు కదరా బాబూ!"

తాగెటోళ్లు లేక కాదు. కోచింగ్ సెంటర్ల పాఠాలు చెప్పే సార్లు ఒస్తరు, పొద్దుగాల మల్ల గొంతు కావాలె గద. బ్యాంకుల పనిచేసే ఆడోళ్లు ఒస్తరు. రెండు గిలాసలు తాగి రెండు గంటలు ముచ్చటవెట్టి, చెప్పిన మాట మరువకుంట, మెట్రో ఎక్కి పోతరు. మజా మొత్తం దాంట్లనే ఉంది. కని బిల్లు ఒచ్చేసరికి మనిషి బుద్ధి చూడుండ్రి: తల తిరగలేదు గనక పైసలు వాపసియ్యుమన్నట్టు మొఖం వెడ్తడు. తల తిరుగుడే సరుకైతే గుండ్రంగ తిరిగితే సరిపాయె, ఫుకట్ల అయితది!

ఆ దినం లొల్లి పెద్దగైంది. రేటు సగం చేస్తవా, నిమ్మలం బంద్ చేస్తవా అని ఉపేంద్ర మొండికేసిండు. రెండూ చెయ్య అని మధు బండి తాళాలు తీస్కొని దిగిండు. కోపంల ఇంటికాడ చెప్పిన పని మర్శిపోయిండు. తల్లి వజ్రమ్మ పొద్దుగాలనే చెప్పింది: తెల్లారితే పెత్రమాస, పెద్దలకు పెట్టే అమాస, అన్న కోసం ఒక స్ట్రాంగు బీరు తే అని.

అన్న అంటే విజయ్‌కుమార్. పోచంపల్లి మగ్గాల కాడికెల్లి తండ్రి కాలంల పట్నమొచ్చిన ఇల్లు వాళ్లది. అన్న దిల్‌సుఖ్‌నగర్ల చీరల షాపుల పనిచేస్తుండె. ఆయన చీర మడత ఇప్పిండంటే కొననీకి రానోళ్లు సుత కొనేటోళ్లు. మంచి మనిషి. ఆదివారమొస్తే మాత్రం స్ట్రాంగు బీరు పడాలె. "బీరేనే, మందు కాదు" అని భార్య వాసంతిని నవ్విస్తుండె. ఒక ఆదివారం సాయంత్రం చంపాపేట్ల దోస్తులతోని తాగి, బండెక్కేముందు ఫోన్ చేసిండు. వాసంతి ఆ దినం నవ్వలే. "తాగొస్తే తలుపు తియ్య. తెలివి మీద ఒస్తేనే రా," అని పెట్టేసింది. సరూర్‌నగర్ల ఇల్లు ఇంకో రెండు గల్లీలుందనంగ అన్న డివైడరుకు గుద్దిండు.

మధు నిమ్మలం చేసింది గందుకే. అన్న గిసుంటిది తాగి ఉంటే ఇంటికి ఒచ్చేటోడు అని వాని బాధ. గా ముచ్చట ఉపేంద్రకు చెప్పలే, ఎవ్వరికీ చెప్పలే.

ఇంట్ల చెప్పుకోని ముచ్చట ఇంకోటుంది. పోయినోళ్లకు ఇష్టమైనయి పెట్టుడు మా దిక్కు ఆనవాయితి. పోయిన ఏడు పెత్రమాసకు వజ్రమ్మ కొడుకు ఫోటోకు దండేసి, మటన్ వండి, స్ట్రాంగు బీరు గిలాసల పోసి ముంగట వెట్టింది. మర్నాడు సాయంత్రం దీపాలు వెట్టే యాల్లకు గల్లీల బండి సప్పుడైంది. అన్న బండి సప్పుడే. ఆ బండిని పాత ఇనుప సామానోనికి అమ్మి నెలలైంది. సప్పుడు వంకరటింకరగ ఒచ్చింది. గేటు కాడ ఆగింది. స్టాండుకు కాలు దొరకనట్టు నేల మీద గీకింది. గొళ్లెం కదిలింది, తలుపు మీద అరచేత్తోని కొట్టినట్టైంది. మధు కిటికీలకెల్లి చూస్తే గేటు ఏసినట్టే ఉంది, గల్లీ ఖాళీ. ఎదురింటి కారు కింద పండుకున్న కుక్క మాత్రం గేటు దిక్కే చూసుకుంట ఎనుకకు ఎనుకకు జరిగింది.

అప్పటిసంది రోజూ గదే. ఆ యాల్లకు వజ్రమ్మ టీవీ సౌండ్ పెంచుతది. వాసంతి వంటింట్ల తలుపుకు ఈపు పెట్టి కూసుంటది, లేవది. తాగొస్తే తియ్యనన్నది గద, తియ్యలే. పోరనికి తాగే కాయిసు తీరలేదని వజ్రమ్మ ప్రతి అమాసకు ఒక స్ట్రాంగు సీస తెప్పిచ్చి పోసుడు షురూ చేసింది. పోసినకొద్దీ సప్పుడు ఇంకింత తూలుకుంట ఒచ్చింది. ఒక అమాసకైతే గేటుకు గుద్దుకున్న సప్పుడై ముగ్గురూ లేచి నిలవడ్డరు. పొద్దుగాల చూస్తే గేటు మీద గీత లేదు.

అయ్యో దేవుడా, తాగి పోయినోనికి ఇంకా తాగవోస్తే ఇల్లెట్ల చేరుతడు? గీ ఇంగితం ఆ ఇంట్ల ఒక్కరికి రాలే. నిమ్మలం చేసిన మధుకు సుత రాలే.

ఈ ఏడు పెత్రమాస, గాంధీ జయంతి ఒక్కనాడే పడ్డయి. మటన్ ముందునాడే తెచ్చి ఫ్రిజ్జుల వెట్టిండ్రు. బీరు యాదికొచ్చి మధు బండి తీసిండు. వైన్ షాపులన్ని బంద్. బ్రూవరీకి సుత ఎక్సైజోళ్లు సీలేసిండ్రు. చంపాపేట్ దాక తిరిగొచ్చిండు, యాడ దొరకలే.

"గింత పని చేతగాదార నీకు? వాడేం అనుకుంటడు?" అని వజ్రమ్మ కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నది.

ఫ్రిజ్జుల అడుగున, రుచి చూద్దామని మధు తెచ్చుకున్న నిమ్మలం సీస ఒకటుండె. వాసంతే తీసింది. "ఇది పోద్దాం అత్తమ్మా. ఇది సుత బీరే గద," అన్నది. గిలాసల పోస్తుంటే నురుగు మెల్లగ లేసి అంచు కాడ ఆగింది.

పొద్దుగూకింది. వజ్రమ్మ రిమోట్ చేతుల పట్టుకున్నది. బండి సప్పుడొచ్చింది. మధుకు ముందుగాల తేడా తెల్వలే, తర్వాత తెలిసింది. బండి సక్కగ ఒచ్చింది. గేటు కాడ ఇంజను ఆగింది. స్టాండు ఒక్కసారే టక్కున పడ్డది. గొళ్లెం తీసిన సప్పుడు, మెట్ల మీద చెప్పులు ఇడ్శిన సప్పుడు. తలుపు మీద ఒక్క ఏలుతోని తట్టినట్టైంది.

వాసంతి లేసింది. తలుపు కాడికి పోయి, సందుకు ముక్కు వెట్టి గాలి పీల్చింది.

"వాసన లేదు," అన్నది.

"వదినా, ఒద్దు!" అని మధు చెయ్యి పట్టుకోబోయిండు. అప్పటికే గడియ తీసింది.

తలుపు అవతల ఎవ్వరు లేరు. వీధి లైటు ఎలుగు గడప దాక పడ్డది, గంతే. కని ఇంట్లకు కొత్త చీరల గంజి వాసనొచ్చింది. మూలకున్న ప్లాస్టిక్ కుర్చీ, మనిషి కూసున్నట్టు, కిర్రుమన్నది. టీవీల ఎవరో నవ్వుతున్నరు. వజ్రమ్మ చేతులకెల్లి రిమోట్ జారింది. "ఒచ్చినవా బిడ్డా?" అన్నది. జవాబు ఆమెకు వినవడలే. మధుకు సుత వినవడలే. వాసంతికి వినవడ్డట్టుంది.

"కోపమేం లేదు," అన్నది వాసంతి కుర్చీ దిక్కు చూసుకుంట. "ఔ, ఇయ్యాల సక్కగ ఒచ్చినవు... అన్నం పెట్టాల్నా? ... ఆ? ఏ ఫోటో?"

గోడకున్న ఫోటో మీద బంతిపూల దండ కదిలింది. ఎవరో ఏలు వెట్టి జరిపి చూసినట్టు.

"చెప్పకే!" అని వజ్రమ్మ ఒర్రింది. "నీ కాల్మొక్త, చెప్పకే పిల్లా! వానికి తెల్వది!"

వాసంతి నేల మీద కుర్చీ ముంగట కూసున్నది. "గా ఫోటో నీదే," అన్నది. "ఇన్ని దినాలు తాగి తాగి ఒచ్చినవు, నీకు తెల్వలే. ఇయ్యాల తెలివి మీదున్నవు, అందుకే అడిగినవు. నువ్వు పోయినవయ్యా. చంపాపేట్ల కెల్లి ఒచ్చుకుంట పోయినవు. తలుపు తియ్యనన్న, గదే మన ఆఖరి మాటైంది. ఇగో, తీసిన. తీసిన గద, చూడు."

అప్పుడొక మొగమనిషి ఏడ్పు వినవడ్డది. గది ముగ్గురికీ వినవడ్డది. చిన్నప్పుడు మగ్గం కాడ నాయిన కొట్టినప్పుడు అన్న నోట్లె చెయ్యి వెట్టుకొని ఎట్ల ఏడుస్తుండెనో గట్లనే. కుర్చీ మళ్లొకసారి కిర్రుమన్నది. గేటు గొళ్లెం పడ్డ సప్పుడు మెల్లగ ఒచ్చింది. బండి మాత్రం సప్పుడు చేయలే.

ఫోటో ముంగట గిలాస ఖాళీగుంది. అంచు కాడికెల్లి అడుగు దాక నురుగు జాడ. స్ట్రాంగు పోసిన అమాసలల్ల తెల్లారేదాక పోసింది పోసినట్టే ఉండేది.

మర్నాడు సప్పుడు రాలే. ఆ మర్నాడూ రాలే. వాసంతి వంటింట్ల కెల్లి బయటికొచ్చి కూసునుడు షురూ చేసింది, ఒకనాడు నిద్రవట్టిందని చెప్పింది. వజ్రమ్మ మాత్రం ఆ యాల్లకు టీవీ బంద్ చేసి చెవులు రిక్కిచ్చి కూసుంటున్నది. మధుతోని మాట బంద్ చేసింది. గా నీళ్ల బీరు ఇంట్లకు తెచ్చి నా కొడుకును ఎల్లగొట్టినవని ఒక్కపారి అన్నది, అన్నంత పని అయిందని మధుకు సుత లోపల అనిపిస్తనే ఉంది.

బ్రూవరీల ఉపేంద్ర సగం రేటు బోర్డు రాయిచ్చి పెట్టిండు. మధు తీసి ట్యాంకు ఎన్కకు ఏసిండు. ఉపేంద్ర వాని మొఖం చూసిండు. "సరే లేరా, నీ ఇష్టం," అన్నడు.

మళ్ల అమాస ఒచ్చింది. పొద్దుగాలనే వజ్రమ్మ మధు కాడికొచ్చి నిలవడ్డది. ఇన్ని దినాలకు నోరు ఇప్పింది.

"బిడ్డా, ఒక్క స్ట్రాంగు తెచ్చియ్యి. తూలుకుంటనన్న రానీ. గేటుకు గుద్దుకోనీ. ఒక్కపారి సప్పుడినాలె."

స్ట్రాంగు తేవుడెంత పని, మూలమీద దుకాణముంది. అన్న మళ్ల తాగి, మళ్ల మర్శి, మళ్ల తలుపు కొడుతడు. అమ్మకు కొడుకుంటడు. సాయంత్రం దాక బజార్ల తిరిగిండు. దీపాలు వెట్టే యాల్లకు ఇంటికొచ్చి, నిమ్మలం సీస ఇప్పి, గిలాసల పోసి ఫోటో ముంగట కాదు, తల్లి ముంగట వెట్టిండు.

వజ్రమ్మ గిలాస ఎత్తి ఒక గుక్క తాగింది. చప్పరిచ్చింది. "మంచిగనే ఉంది గదరా," అన్నది. "ఇది తాగితే ఏమైతది?"

"ఏం కాదమ్మా. అన్నీ యాదుంటయి."

ఆమె చాలాసేపు కొడుకు ఫోటో దిక్కు చూసింది. గిలాసను మెల్లగ మధు దిక్కు జరిపింది.

"గట్లయితే నాకొద్దు బిడ్డా," అన్నది. "నాకు స్ట్రాంగే తే."