గాలివాన పూట దీపం

సీతయ్య బురుజు మెట్లు ఊడుస్తున్నాడు. పైన దీపంతో ఆయనకు పని లేకుండా పోయినా, పొద్దున లేవగానే చేతికి చీపురు కావాలి. వంగిన నడుము, కాయలు కాచిన అరచేతులు, కిరసనాయిలు వాసన వదలని చొక్కా. మెట్టుమెట్టుకూ ఆగి, మోకాలు పట్టుకుని, దాన్ని నాలుగు తిట్లు తిట్టి మరీ పైకెక్కుతాడు.

టేకులపల్లి అడవిలో చెరువు కట్టినప్పుడే కట్ట చివర ఈ రాతి బురుజూ కట్టారు. చెరువు పనులు చూసే ఆఫీసువాళ్లకది లైట్‌హౌసు, ఊరికి దీపం బురుజు. అవతలి అడవికి వెళ్లినవాళ్లు పొద్దుగూకాక ఆ వెలుగు చూసుకునే పడవ తోసుకొస్తారు. మొదట్లో సీతయ్య తండ్రి రోజూ లాంతరు వెలిగించేవాడు. ఒక వేసవిలో గాలివాన లేచిన సాయంత్రం కూడా వెలిగించాడు. దీపం రమ్మంటోంది కదా అని బయల్దేరిన పడవ మునిగింది. అందులో సీతయ్య తల్లి ఉంది. అప్పటినుంచి ఊళ్లో ఒక కట్టుబాటు. గాలి లేస్తే దీపం పెట్టరు. దీపం లేకపోతే అవతలివాళ్లు పడవెక్కరు, అక్కడి గూడెంలోనే ఏదో ఒక ఇంట్లో పడుకుంటారు. తండ్రి తర్వాత సీతయ్య బతుకంతా ఇదే పని. పెళ్లిళ్లకు పోయినా పొద్దుగూకకముందే తిరిగొచ్చేవాడు.

కిందటి వారం ఆఫీసు నుంచి రాంబాబు వచ్చి పైన సోలార్ దీపం బిగించాడు.

"ఇగ ఎక్కుడు బంద్ తాతా. చీకటి పడంగనే అదే వెలుగుతది. స్విచ్చు గిట్ల ఏం లేదు."

"మంచిగాయె బిడ్డా. మోకాళ్లు సచ్చినయ్."

నిజంగానే సంబరపడ్డాడు ముసలాయన. వెలిగించడం గురించే ఇద్దరూ ఆలోచించారు. వెలిగించకూడని రోజు కూడా ఒకటుంటుందని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఇవాళ కూతురు చిన్నక్క బీడీల తునికాకు కోయడానికి అవతలికి పోయింది. పోతూ పోతూ, "నాయినా, గట్క పొయ్యి మీదున్నది, జల్దీ తిను" అని కేకేసింది. ఆయన తిని, నీడలో కునికాడు. కన్ను తెరిచేసరికి పడమట మబ్బు నల్లగా కమ్మింది. చెరువు నీళ్లు లేచి కట్టను కొడుతున్నాయి. ఆ మబ్బు చీకటికే పైన దీపం వెలిగింది.

అవతలి ఒడ్డున మనుషులు పడవను నీళ్లలోకి తోస్తున్నారు. సీతయ్య కట్ట అంచుకు పోయాడు.

"దేవ్లా! రాకుండ్రిరా!" అని పడవవాణ్ణి పేరు పెట్టి అరిచాడు. ఆ గాలిలో కేక కట్ట కూడా దాటలేదు.

మంచం మీది గొంగడి లాక్కుని మెట్లెక్కాడు. ఈసారి మోకాళ్లను తిట్టడానికి కూడా ఆగలేదు. పైన గాలి ఆయన్ని నిలబడనివ్వలేదు. దీపం మీద కప్పిన గొంగడిని ఎగరేసింది. మళ్లీ కప్పి, తల తువ్వాల విప్పి, గట్టిగా ముడేశాడు. వెలుగు కనుమరుగైంది. అవతల పడవ ఆగింది. కాసేపటికి దాన్ని ఒడ్డుకు లాగసాగారు. అది చూశాక గానీ ఛాతీలో నొప్పి తెలియలేదు. దీపం దిమ్మెకు ఆనుకుని కూలబడ్డాడు.

తెల్లవారేసరికి చెరువు ఏమీ ఎరగనట్టుంది. పైన కూర్చున్న తండ్రి చిన్నక్కకు పడవలోంచే కనిపించాడు. కోపంగా మెట్లెక్కింది.

"గాలిల పైన ఏం పని నాయినా నీకు?"

ఆయన కళ్లు అవతలి ఒడ్డు వైపే తెరిచి ఉన్నాయి. భుజం తాకింది. చల్లగా తగిలింది.

ఆ రోజు ఎవరూ ఆకుకు పోలేదు. సీతయ్యను కిందికి దించి, పొద్దు వాలకముందే సాగనంపారు. సాయంత్రం గాలి లేదు, అవతల నుంచి రావాల్సినవాళ్లూ లేరు. వేళకు దీపం దానంతటదే వెలిగే ఉంటుంది. తడిసి బరువెక్కిన నల్ల గొంగడి మాత్రం, తువ్వాల ముడితో, దాని మీద అలాగే ఉంది.