అందరూ ఫార్వర్డులే

కాగితం మిల్లు హాకీ జట్టు ఆ ఏడాది దిగిన ఫోటో చూస్తే ఎవరికైనా కళ్ళు చెదిరేవి. ముందు వరసలో కూర్చున్న ఐదుగురూ ఏదో ఒక సీజన్‌లో లీగ్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళే. మేనేజర్ గారు ఎక్కడెక్కడి జట్ల నుంచో వాళ్ళని ఏరి తెచ్చుకున్నారు. ఆ ఫోటోని తలుపంత పెద్దది చేయించి మిల్లు గేటు దగ్గర పెట్టించారు.

"వీళ్ళని చూశాక మన డీలోకి రావడానికి ఎవడికైనా గుండెలుంటాయా కోచ్ గారూ?" అన్నారు.

గోల్ ముందు అర్ధచంద్రాకారంలో గీసిన ఆ డీలోకి రావడానికి గుండెలు అక్కర్లేదనీ, కాళ్ళుంటే చాలనీ కోచ్‌కి మొదటి మ్యాచ్‌లోనే అర్థమైపోయింది. ఐదుగురికీ గోల్ కొట్టడం ఒక్కటే తెలుసు. బంతి పోయిందంటే వెనక్కి పరుగెత్తడం వాళ్ళ లెక్కలో ఇంకెవరిదో పని. ఎదుటివాళ్ళ గోల్ దగ్గరే నడుం మీద చేతులు పెట్టుకుని, రాని బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడేవాళ్ళు. నాలుగు కొట్టి ఐదు ఇచ్చుకోవడం, మూడు కొట్టి మూడు ఇచ్చుకోవడం, ఇలాగే సాగింది సీజనంతా.

వెనకాల ఆ ఐదులూ మూడులూ వచ్చి పడేది గోల్‌కీపర్ మీద. అతన్ని అందరూ 'గోడ' అనేవారు. ఒక సాయంత్రం ఓడిపోయి వచ్చాక గోడ బెంచీ మీద కూలబడి కాళ్ళకి కట్టుకున్న ప్యాడ్లు విప్పుతూ, "సార్, అందరూ అందలం ఎక్కేవాళ్ళే అయితే ఎట్లా? మోసేవాణ్ణి నేనొక్కణ్ణే. నా వల్ల కావట్లేదు" అన్నాడు. అతను నవ్వుతూ అనలేదు. భార్యకి నెలలు నిండుతున్నాయి. జట్టులో ఉన్నంతకాలమే మిల్లులో అతని ఉద్యోగం.

ఒక్క గోడదే కాదు, ఫోటోలో వెనక వరసలో నిలబడ్డ వాళ్ళందరిదీ అదే పరిస్థితి. చివరి మ్యాచ్ నాటికి జట్టు లీగ్ అడుక్కి చేరింది. ఆ మ్యాచ్ కనీసం డ్రా చేసుకుంటే పై డివిజన్‌లో ఉంటారు. ఓడితే కింది డివిజన్‌కి పోతారు. కింది డివిజన్‌లో ఆడే జట్టు మిల్లుకి అక్కర్లేదని మేనేజర్ గారు ముందే తేల్చి చెప్పేశారు.

కోచ్‌కి అన్నం సహించడం మానేసింది. ఏం చెయ్యాలో తెలియక కాదు ఆ బెంగ. తెలిసే. ఐదుగురిలో ఒకణ్ణి ముందు నుంచి తీసి వెనక గోల్‌కి కాపు కాసే ఫుల్‌బ్యాక్‌గా నిలబెట్టాలి. వాళ్ళలో నలుగుర్ని అడిగి ప్రయోజనం లేదు. గద్ద అనేవాడైతే ఒకసారి ఆ మాటెత్తగానే కర్ర కింద పడేసి వెళ్ళిపోయాడు. అడగగలిగిన మనిషి ఒక్కడే. అతను వెనక్కి వెళితే మిగతావాళ్ళు నోరెత్తలేరు. అతనే 'తుపాకీ'. ఐదుగురిలో పెద్దవాడు, కెప్టెన్. పైగా కోచ్ అక్క మొగుడు.

కోచ్ నిక్కర్ల వయసులో ఉన్నప్పుడు చేతికి మొదటి హాకీ కర్ర ఇచ్చింది ఆ బావే. అలాంటి మనిషిని పట్టుకుని, నీ చోటు అది కాదు, ఇది అని చెప్పాలి. అడిగితే అక్కతో తంటా, అడగకపోతే ఇంతమంది ఉసురు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మ్యాచ్‌కి ముందు ఆదివారం మధ్యాహ్నం అక్కా వాళ్ళింటికి వెళ్ళాడు. బావ వాకిట్లో కుర్చీ వేసుకుని కర్రకి కొత్త పట్టీ చుట్టుకుంటున్నాడు. అక్క తలుపు తీస్తూనే మొదలుపెట్టింది.

"సమయానికొచ్చావు తమ్ముడూ. మీ బావకి నువ్వైనా చెప్పు. ఆ మోటార్ సైకిల్ అమ్మేస్తానంటున్నారు. మిల్లుకి నడిచే పోతున్నారు రోజూ. ఒంటికి మంచిదట!"

"నడిస్తే తప్పేంటే?" అన్నాడు బావ తలెత్తకుండా. తర్వాత కోచ్ మొహం చూసి, "ఏంట్రా బామ్మర్దీ, అప్పులవాడు తరుముకొచ్చినట్టున్నావు?" అని నవ్వాడు.

కోచ్ దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ఉన్నదున్నట్టు అడిగేశాడు. "బావా, చివరి మ్యాచ్‌లో నువ్వు వెనక ఆడాలి. ఫుల్‌బ్యాక్‌గా."

బావ చేతిలో పట్టీ చుట్టడం ఆగిపోయింది. మొహంలో రంగు మారింది. కోచ్ అది పౌరుషం అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

"వెనకా?" అన్నాడు బావ. "ఒరేయ్, నేనెప్పుడూ బంతి వెంట పరుగెత్తలేదు. బంతి ఎక్కడికి రావాలో ముందే అక్కడుండేవాణ్ణి, అంతే. ముందు ఆడేవాడికి అది చాలు. వెనక అట్లా కుదరదు. అక్కడ బంతి ఎటునుంచైనా వస్తుంది."

"నువ్వు వెళితేనే మిగతావాళ్ళు మాట వింటారు బావా."

"బాగుందిరా వరస!" అంది అక్క గుమ్మంలోంచి. "తుపాకీని తీసుకెళ్ళి తలుపుకి గడియ చేస్తావా? ఆయన కొట్టిన గోల్సే కదా నిన్ను కోచ్‌ని చేసింది?"

"నువ్వుండవే," అన్నాడు బావ. చాలాసేపు కర్రకేసి చూస్తూ కూర్చున్నాడు. "గోడ భార్యకి ఎన్నో నెల?" అని అడిగాడు.

"నిండు నెలలు."

"సరే. ఆడతాను. నువ్వడిగావు కాబట్టి."

ఒప్పుకున్నందుకు కోచ్ గుండె తేలిక పడాలి. పడలేదు. బావ అంత తొందరగా ఓడిపోయే మనిషి కాదు. ఆ సంగతి ముల్లులా గుచ్చుతూనే ఉంది. కానీ అదేమిటో అంతుపట్టలేదు.

మ్యాచ్ రోజు సన్నగా వాన పడింది. పచ్చటి టర్ఫ్ మీద నీళ్ళు నిలిచి బంతి మామూలుకన్నా జోరుగా జారుతోంది. తుపాకీ వెనక నిలబడటం చూసి గ్యాలరీలో గుసగుసలు బయలుదేరాయి. మేనేజర్ గారు గొడుగు కింద నుంచి కోచ్ వైపు కత్తులు దూసినట్టు చూశారు. అయితే కోచ్ లెక్క తప్పలేదు. కెప్టెనే వెనక నిలబడేసరికి మిగతావాళ్ళు సిగ్గుపడి కొంచెం కొంచెంగా వెనక్కి రావడం మొదలుపెట్టారు. నాలుగు భాగాల ఆటలో మొదటి భాగంలోనే గద్ద ఒక గోల్ కొట్టాడు. సగం ఆట అయ్యేసరికి మిల్లు జట్టు ఒకటి, ఎదుటివాళ్ళు సున్నా.

కానీ కోచ్ కళ్ళు బావ మీదే ఉన్నాయి. కుడివైపు వచ్చిన ప్రతి బంతినీ బావ చక్కగా ఆపుతున్నాడు. ఎడమవైపు నుంచి ఎవరైనా వస్తే మాత్రం మెడ మొత్తం తిప్పి చూస్తున్నాడు, వెనకనుంచి ఎవరో పిలిచినట్టు. రెండుసార్లు గోడే ముందుకు ఉరికి కాపాడాడు. అలవాటు లేని చోటు కదా అని కోచ్ సర్ది చెప్పుకున్నాడు.

మూడో భాగంలో ఎదుటివాళ్ళకి పెనాల్టీ కార్నర్ దొరికింది, అంటే దగ్గర్నుంచి గోల్‌కి గురిచూసి కొట్టే అవకాశం. గోల్ లోపల గోడ, అతనికి తోడుగా గోల్‌పోస్టు పక్కన బావ మొహానికి మాస్కు కట్టుకుని నిలబడ్డారు. ఎదుటివాళ్ళలో బలంగా కొట్టేవాడు బంతిని గాల్లోకి లేపి విసిరాడు. అది బావ ఎడమ చెవికి జానెడు దూరంలోంచి దూసుకుపోయి వల మీద పడింది.

గ్యాలరీ అరుస్తోంది. స్కోరు సమమైంది. కోచ్‌కి అదేమీ వినిపించలేదు. మాస్కు లోపల బావ మొహాన్నే చూశాడు అతను. అంత దగ్గరగా బంతి వస్తే ఎంత ధైర్యవంతుడైనా రెప్ప కొడతాడు, తల పక్కకి లాగుతాడు. బావ రెప్ప కదల్లేదు. తల కదల్లేదు. బంతి వలలో పడ్డ చప్పుడయ్యాకే అటు తిరిగాడు.

బావ బంతిని ఆపలేకపోవడం కాదు. అసలు చూడనే లేదు.

మోటార్ సైకిల్, నడక, మెడ తిప్పడం, వాకిట్లో మారిన ఆ మొహం రంగు, అన్నీ ఒక్కసారి కోచ్ మీదపడ్డాయి. మైదానం అంచు గీత దగ్గరికి పరుగెత్తి బయటికి రమ్మని సైగ చేశాడు. బావ చూసి, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. ఆట మొదలైంది. ఎదుటివాళ్ళు ఎడమవైపు నుంచే వస్తున్నారు. రాయిలాంటి బంతి. ఆ మాస్కు కార్నర్‌కి మాత్రమే, ఇప్పుడు మొహం ఖాళీ.

"కెప్టెన్!" అని అరిచాడు కోచ్. పలకలేదు.

"బావా!"

మైదానంలో అతను ఎప్పుడూ ఆ పిలుపు పిలిచి ఎరగడు. బావ ఆగాడు. అందరూ ఆగి చూసినట్టే అనిపించింది. తల దించుకుని నడిచి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు కోచ్, పక్కన కూర్చుని, ఆట మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

"ఏది?"

"ఎడమ కన్ను."

"చలికాలం నుంచి. పక్క నుంచి తెర జారినట్టు మొదలైంది. ఇప్పుడు చాలావరకు దించేశారు."

"ఆ సంగతి నాకు చెబితే నీ సొమ్మేం పోయింది బావా?"

"గుడ్డి తుపాకీ అని పేరు పెడతారని," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "మీ అక్కకి చెప్పావో, నిన్ను చంపుతాను."

బెంచీ మీద మిగిలిన వాళ్ళు కూడా ఫార్వర్డులే. వెనక ఆడేవాడు ఒక్కడు లేడు. కోచ్ వాళ్ళలో ఒకణ్ణి ముందుకి దింపి, గద్దని పిలిచి వెనక్కి పొమ్మన్నాడు.

"నేనా?" అన్నాడు గద్ద. "మన గోల్‌పోస్టు ఏ రంగో కూడా నాకు తెలీదు సార్."

"తెలుపు," అన్నాడు బావ బెంచీ మీద నుంచి లేచి. "పోయి చూసుకో. నేను చెబుతుంటాను, చెప్పినట్టు చెయ్యి."

అక్కడి నుంచి చివరిదాకా బావ గీత పక్కనే నిలబడి అరుస్తూనే ఉన్నాడు. "కుడికి రా! కర్ర నేలకి ఆనించు! వాడి వైపు చూడకు, బంతి చూడు!" గద్ద తిట్టుకుంటూనే చెప్పినట్టు చేశాడు. ఆఖరి నిమిషాల్లో మళ్ళీ పెనాల్టీ కార్నర్. కోచ్ కళ్ళు మూసుకున్నాడు. ఠప్పుమని చప్పుడు, తర్వాత గోడ మూలుగు. కళ్ళు తెరిచేసరికి బంతి గోడ ఛాతీకి తగిలి ముందుకు దొర్లుతోంది. ముగ్గురు దాని మీదకి దూకుతున్నారు. గద్ద పొట్ట మీద జారుకుంటూ వెళ్ళి, ఒంటిచేత్తో కర్ర చాచి, దాన్ని గీత బయటికి గెంటేశాడు. అంత వికారంగా అతను జీవితంలో ఎప్పుడూ బంతి కొట్టి ఉండడు.

ఈల మోగింది. ఒకటి ఒకటి. జట్టు నిలిచింది.

అందరూ గోడ మీద పడి కౌగలించుకుంటున్నారు. కోచ్ మాత్రం బావ చెయ్యి పట్టుకుని గేటు దాటించి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారిలోనే అక్కకి ఫోన్ చేశాడు. చంపేస్తానన్న బావ కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

కంటి వెనక పొర ఊడిపోయిందనీ, చాలా ఆలస్యం చేశారనీ, వెంటనే ఆపరేషన్ చేస్తే కొంత చూపు మిగలొచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. ఇంకొక దెబ్బ తగిలి ఉంటే ఆ కొంతా ఉండేది కాదంది. ఆ మాటకి అక్క తలుపుకి ఆనుకుని నిలబడిపోయింది.

బావని లోపలికి తీసుకెళ్ళాక నడవాలో ఇద్దరే మిగిలారు.

"నాకు తెలీదక్కా," అన్నాడు కోచ్. "ఒట్టు. తెలిస్తే అడిగేవాణ్ణి కాదు."

"నీకు తెలీదు. సరే, ఒప్పుకుంటాను," అంది అక్క. "ఆయనకి తెలుసుగా! తెలిసీ బంతికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు, నువ్వడిగావని. ఎందుకలా ఉన్నారు, డాక్టర్ దగ్గరికి పోదామని నేను పదిసార్లు అడిగినా కదలని మనిషి, నువ్వు ఒక్కసారి అడిగితే చావడానికి సిద్ధపడ్డారు. నాతో మాట్లాడకు కాసేపు."

ఆ కాసేపు రోజులు పట్టింది. ఆసుపత్రిలో కోచ్ రోజూ తలుపు దగ్గర నిలబడేవాడు. అక్క అతన్ని దాటుకుని మందులకి వెళ్ళేది, దాటుకుని వచ్చేది. కట్టు విప్పేదాకా చూపు మిగిలిందో లేదో ఎవరూ చెప్పలేరన్నారు. కోచ్ ఆ రోజుల్లో ఎవరి మొహం చూసినా ముందు కళ్ళే చూసేవాడు.

ఆపరేషన్ అయినవాళ్ళు కొన్నాళ్ళు బోర్లా పడుకోవాలట. అందువల్ల మేనేజర్ గారు పళ్ళబుట్టతో పరామర్శకి వచ్చినప్పుడు బావ నెత్తి వెనకభాగంతోనే మాట్లాడాల్సి వచ్చింది.

"కెప్టెన్ గారూ, మీరేమీ దిగులు పెట్టుకోకండి," అన్నారాయన. "మీ స్థానంలో గొప్పవాణ్ణి చూశాను. మూడేళ్ళ కిందట లీగ్‌లో టాప్ స్కోరర్. ఇంకొకతను కూడా ఉన్నాడు, ఆయనైతే—"

"వద్దు సార్," అన్నాడు కోచ్.

మేనేజర్ గారు వెనక్కి తిరిగారు. ఇన్నాళ్ళలో కోచ్ ఆ మాట అనడం ఆయన వినలేదు. కోచ్ మాట వెనక్కి తీసుకోలేదు. "ఇద్దరు బ్యాకులు కావాలి. నేను ఎంచుకుంటాను. లేదంటే వేరే కోచ్‌ని చూసుకోండి."

మేనేజర్ గారు పళ్ళబుట్ట ఎక్కడ పెట్టాలో తెలియక ఇటూ అటూ చూశారు. "బ్యాకులా? బ్యాకుల ఫోటో గేటు దగ్గర పెడితే ఎవడు చూస్తాడయ్యా?"

దిండులోంచి బావ నవ్వు వినిపించింది. మంచం ఊగేంత నవ్వు. అక్క పరుగున వచ్చి, "తల కదిలించొద్దన్నారు!" అని గద్దించింది. మేనేజర్ గారు చూద్దాంలెండి అంటూ బయటపడ్డారు. ఒప్పుకున్నట్టో కాదో తెలియలేదు. వారం తిరిగాక ఒక్క బ్యాక్‌కి సరేనన్నారు.

కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ బావ కుడికన్ను మూసి, ఎడమ కంటి ముందు చెయ్యి ఆడించింది. కోచ్ తలుపు చట్రాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"చెయ్యి కనిపిస్తోంది," అన్నాడు చివరికి. "వేళ్ళెన్నో తెలియట్లేదు."

ఇంకొంచెం మెరుగవ్వచ్చనీ, అయితే మైదానం మాత్రం మర్చిపొమ్మనీ డాక్టరమ్మ చెప్పింది. బావ సరేనని తలూపాడు. మొహం కిటికీవైపు తిప్పుకుని కొంతసేపు అలాగే కూర్చున్నాడు.

సాయంత్రం ఇంటికి పంపించారు. బావకి ఎడమవైపున నడుస్తూ అక్క ఒక చేత్తో ఆయన్ని పట్టుకుంది. రెండో చేతిలో బట్టల సంచి, దానిమీద మందుల సంచి, చంకలో దిండు. మెట్ల దగ్గర ఆగి వెనక్కి చూసింది.

"నిలబడి చూస్తావేంట్రా," అంది తమ్ముడితో. "సంచీ అందుకో."