వరండాలో మూడు పటాలు

బంగార్రాజు సముద్రం మీద వేటకి వెళ్లడం మానేసి రెండేళ్లయింది. కిడ్నీలు పోయాయి. మంగళవారం, శుక్రవారం తెల్లారగట్లే భార్య గంగారత్నం అతన్ని గిలకలదిండి నుంచి బయల్దేరదీసి, బందరులో విజయవాడ బస్సెక్కిస్తుంది. ఆస్పత్రిలో అతను నాలుగు గంటలు డయాలసిస్ మిషన్ మీద ఉంటే, ఆమె బయట వరండాలో స్టీలు కుర్చీలో కూర్చుంటుంది. తిరుగు బస్సులో ఇద్దరూ మాట్లాడుకోరు. మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు, ఓపికా లేదు.

ఎనిమిది నెలలుగా వస్తున్నా, ఎదురు గోడ మీద మూడు పటాలున్నాయని ఆమె గమనించలేదు. ఆ రోజు ఫోన్లో చార్జింగ్ అయిపోయి తలెత్తింది.

మొదటి పటంలో ఓ కాలవ, చెక్కవంతెన, గట్టు మీద రెండు పూరిళ్లు, పడవలో వంగి ఉన్న మనిషి. రంగులేమీ లేవు, గోధుమరంగు సిరా గీతలంతే. సగంలో వదిలేసిన బొమ్మ కాబోలు అనుకుంది. కాసేపటికి తెలిసింది, నీళ్లున్న చోట అసలు గీతే లేదని. ఉత్త కాగితం. అయినా అవి నీళ్లే, పొద్దున్నే కదలకుండా ఉండే నీళ్లు. లేచి దగ్గరికెళ్లింది.

"ఇది ఏ ఊరమ్మా?" అటుగా వచ్చిన నర్సు సింధూరిని అడిగింది.

సింధూరి అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివింది. "హాలండ్ అంటండీ. నాలుగొందల ఏళ్ల కిందటి బొమ్మ. ఇది దాని కాపీ."

"ఇంత మామూలు చోటు ఎందుకు గీశాడో."

"ఏమోనండీ. ఆయనకి రోజూ కనపడేది అదేనేమో."

మధ్యాహ్నం బంగార్రాజు బయటికొచ్చాక, "మావా, ఒక్కసారి ఇటు చూడు," అంది.

"కాళ్లు పీకుతున్నాయే."

"కూర్చునే చూడు."

చూశాడు. కుర్చీ అంచుకి జరిగి మళ్లీ చూశాడు.

"వల లాగుతున్నాడు కదా?" అంది.

"వల కాదు. పడవలో నీళ్లు తోడిపోస్తున్నాడు. వల లాగేవాడి నడుం అట్టా ఉండదు. తెడ్డు కూడా లోపల పెట్టేశాడు చూడు. ఇవాళ వేటకి పోడు." ఊపిరి తీసుకుని, "బాగా చూసి గీశాడే, ఎవడోగాని," అన్నాడు.

ఈలోగా వాళ్లెక్కాల్సిన ఒంటిగంటన్నర బస్సు వెళ్లిపోయింది.

తర్వాతి వారాల్లో రెండో పటం దగ్గరికొచ్చారు. బండిబాట, ఆవు, నాలుగు చెట్లు. "నేల సంగతి నాకేం తెలుసు," అన్నాడు బంగార్రాజు. అయినా చక్రాల గాడిలో నీళ్లు నిలిచాయని, అంటే వాన వెలిసి ఎంతోసేపు కాలేదని చూపించింది అతనే. బస్సు పామర్రు దాటేదాకా దాని గురించే మాట్లాడుకున్నారు.

శ్రావణమాసానికి అతను బాగా నీరసించాడు. మిషన్ తీశాక వీల్‌చైర్లో నేరుగా లిఫ్టుకే. మూడో పటం దగ్గర ఆగడం కుదర్లేదు. ఒక శుక్రవారం సింధూరి గంగారత్నాన్ని లోపల మంచం పక్కన కూర్చోనిచ్చింది.

"మూడోదాంట్లో ఏముంది?" కళ్లు మూసుకునే అడిగాడు.

"అంతా ఆకాశమే మావా. కింద ఊరు వేలెడంత. ఒకింట్లోంచి పొగ లేస్తోంది. గట్టున ఎవరో నడిచెళ్తున్నారు, వీపు మీద మూటతో."

"ఆడదా, మగాడా?"

"తెలీదు. అలిసిపోయున్నారు."

"గాలి ఎటుంది?"

అది ఆమె చూడలేదు. లేచి వరండాలోకి వెళ్లింది. పొగ ఎడమవైపుకి వాలి ఉంది. చెట్ల కొసలూ అటే. నడిచే మనిషికి గాలి వెనకనుంచే వస్తోంది.

తిరిగొచ్చేసరికి అతను నిద్రపోయాడు. లేచాక చెబుదామని స్టూలు మీద కూర్చుంది. మిషన్ ఆగడానికి ఇంకా గంటన్నర ఉంది.