గుమ్మడికాయ కొట్టినంక

విమానం మొదటిసారి ఒంటరిగా నడపడానికి ముహూర్తం పెట్టించిన మనిషిని నేనెక్కడా చూడలేదు. మిర్యాలగూడ రైస్‌మిల్లు పర్వతాలు తన కొడుకు సంతోష్ కోసం పెట్టించాడు. కోదాడ దగ్గర మా శిక్షణ రన్‌వే పక్కనే షామియానా, బ్యాండు, బిర్యానీ వాసన. నిలువెత్తు ఫ్లెక్సీలో సంతోష్ అప్పుడే కెప్టెన్ అయిపోయాడు. చూస్తుంటే నాకు అసహ్యమేసింది.

ఎందుకంటే, నేర్పిన నాకు తెలుసు, సంతోష్‌కి విమానం దింపడం రాదు. ఫోన్ గేముల్లో పెద్ద జెట్లు దింపీ దింపీ, విమానం ముక్కుతో దిగే దారి పట్టుకుని, వేగాన్ని ఇంజిన్ జోరు పెంచే థ్రాటిల్‌కి వదిలేయడం అలవాటైంది. మా రెండు సీట్ల చిన్న విమానంలో నేను నేర్పేది దానికి తిరగేసి: వేగం ముక్కుతో, దిగే వాలు థ్రాటిల్‌తో. కిందికి జారుతున్నామని భయపడి ముక్కు లేపితే వేగం చస్తుంది, విమానం రాయిలా పడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖమే.

ఆ ఉదయం పక్కన కూర్చుని ఇంకొక్కసారి తిప్పాను. వరి పొలాల మీదికి వచ్చేసరికి జారాం. మళ్లీ ముక్కు లేపాడు. వేగం పడిపోతోందని హెచ్చరిక మోగింది.

"ముక్కు దించు!" అని అరిచి, నేనే దించి, థ్రాటిల్ మొత్తం తోసి పైకి లేపాను. కింద అదేదో విన్యాసమనుకుని బ్యాండు మోగించారు.

నేనే దింపి ఇంజిన్ ఆపాను. మా శిక్షణ స్కూలు ఓనర్ పరుగెత్తుకొచ్చాడు.

"నీలా, నువ్వు దిగమ్మా. అబ్బాయి ఒక్కడే వెళ్లొస్తాడు. ముహూర్తం దాటిపోతోంది."

"ఒక్కడే పోతే తిరిగి రాడు సార్."

వెనకే వచ్చిన పర్వతాలు నవ్వాడు. "దిష్టి తగిలింది మేడం. గుమ్మడికాయ కొట్టినంక అంతా సక్కగయితది."

"దిగకపోతే రేపట్నుంచి రావద్దు," అన్నాడు ఓనర్ మెల్లగా.

ఇద్దరూ గుమ్మడికాయ వైపు నడిచారు. సంతోష్ తలెత్తకుండా గొణిగాడు. "మేడం, నాతోని కాదు. భయమైతున్నది. మా నాయనకు మాత్రం చెప్పకుండ్రి. మీరే పోనియ్యలేదని చెప్పుండ్రి."

వీడి మీదా అసహ్యమేసింది. చావడానికైనా సిద్ధంగానీ తండ్రి ముందు భయమనడు. అయినా తాళంచెవి పీకి కిందికి దిగాను.

"నేనే పోనివ్వట్లేదు!" అని అందరికీ వినబడేలా అరిచాను.

పర్వతాలు నా కాళ్ల ముందే ఉమ్మేశాడు. "తండా పిల్లకు కండ్లమంట. మావోడు ఎదిగితే ఓర్వలేకపాయె."

సంతోష్ దిగి తండ్రి పక్కన చేరాడు. "అవు నాయనా, నేను పోతనే అన్న. మేడమే పోనియ్యలే."

బతికున్నాడు కాబట్టి ఆ మాట అనగలిగాడు. ఓనర్ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. దాన్ని బురద మడిలోకి విసిరేసి బస్టాండు వైపు నడిచాను.